ఇటలీ బండి... ఇంటి లెక్క

బంగారం కొనాలంటే ఇంట్లో నలుగురినీ అడుగుతాం. బండి విషయానికొచ్చేసరికి "అది మగవాళ్ల సంగతిలే" అని ఊరుకుంటాం. ఎందుకు ఊరుకోవాలి?

మావారు బెనెల్లి టీఆర్‌కే 502 మీద మనసు పడ్డారు. ధర అయిదు లక్షల పైమాటే. పేరు ఇటలీది, 2005 నుంచి యాజమాన్యం చైనా వాళ్లది. 2018లో హైదరాబాద్ సంస్థతో చేతులు కలిపి మన తెలంగాణలోనే బిగించడానికి పూనుకున్నారు.

ఈ కంపెనీ పుట్టుక వెనక ఓ తల్లి ఉందని మనలో ఎందరికి తెలుసు? 1911లో పెసారో పట్టణంలో తెరెసా బెనెల్లి అనే వితంతువు, ఆరుగురు కొడుకులకు బతుకుతెరువు చూపాలని ఉన్న సొమ్మంతా పెట్టి మరమ్మతుల షెడ్డు తెరిపించింది. ఆమె సొమ్ము పెట్టింది బతుకు కోసం, దర్జా కోసం కాదు.

మనమూ అలాగే లెక్క చూడొద్దూ? రెండు క్వింటాళ్లు దాటిన ఆ బండిని అవసరానికి నేను పక్కకు జరపగలనా? చీరతో వెనక కూర్చోగలనా? పాల్వంచ దాటాక భద్రాచలం అడవి దారిలో మొరాయిస్తే ఏ మెకానిక్ చూస్తాడు? ఖమ్మం నుంచి హైదరాబాద్ రెండొందల కిలోమీటర్లు! పైగా అది ఆయన జీతం, నా చీటీ కలిపి అమ్మాయి చదువుకని దాచిన సొమ్ము.

సరదా తప్పని నేననను. కానీ ఒకరి సరదాకు ఇద్దరి ఒప్పుదల ఉండాలి. "ముందు అమ్మాయి ఫీజు, తర్వాత నేనూ నడపగలిగే స్కూటర్, ఆపైన మిగిలితే మీ ఇటలీ బండి" అన్నాను. ఆయన ఇంకా ఔననలేదు, కాదనలేదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి లెక్క వస్తే, అడక్కపోయినా మీ మాట చెప్పండి.