తెరమీది తొలిబొమ్మ

కంప్యూటరు మీట నొక్కినది మొదలు, మన పేరును సంకేతపదమును అడుగు తెర ప్రత్యక్షమగు వరకు కొన్ని క్షణములు గడచును. ఆ క్షణములలో తెరపై నేమి కనబడవలెను? తయారుచేసిన వర్తకుని గుర్తా? ఊరక తిరుగుచుండు చక్రమా? లేక యంత్రము తనలో తాను జరుపుకొను పనుల జాబితాయా? ప్రశ్న తేలికగనే తోచును. పాఠశాలలోని కంప్యూటరు గదిలో ఒక విద్యార్థి లేచి, "మాస్టారూ, ఈ బొమ్మ తీసివేసి మన బడి బొమ్మ పెట్టుకోవచ్చునాండీ?" అని అడిగినచో, "అది మన పని కాదు, కూర్చో" అను సమాధానమే తరచుగ వినవచ్చును. ఆ సమాధానము సరియైనది కాదనియు, ఆ ప్రశ్నలో ఒక మంచి పాఠమునకు కావలసిన సామగ్రి యంతయు నున్నదనియు నా అభిప్రాయము.

లినక్సు విషయమున ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన బలము కలదు. 1991వ సంవత్సరము ఆగస్టు నెలలో ఫిన్లాండు దేశపు హెల్సింకి విశ్వవిద్యాలయమున చదువుకొనుచుండిన లైనస్ టోర్వాల్డ్స్ అను యువకుడు తన ప్రయత్నమును లోకమునకు ప్రకటించెను. మరుసటి ఏడు, అనగా 1992లో, దానిని గ్నూ వారి సార్వజనిక అనుమతిపత్రము క్రిందికి తెచ్చెను. ఆ పత్రము ప్రకారము ఎవరైనను దానిని చదువవచ్చును, మార్చవచ్చును, మార్చిన దానిని ఇతరులకు పంచవచ్చును. 1996లో లారీ యూయింగ్ చిత్రించిన పెంగ్విను పక్షి దానికి గుర్తయ్యెను. మేలుముసుగు లేని లినక్సు మేల్కొనునప్పుడు తెర పైభాగమున ఆ పక్షి కనబడుట కలదు. యంత్రములో ఎన్ని గణనకేంద్రములున్నవో అన్ని పక్షులు వరుసగ నిలుచుట అందలి వేడుక. ఆ బొమ్మ నిలువు 80, అడ్డము 80 చుక్కలు. రంగులు 224కు మించవు. అదియు మూలగ్రంథములోనే యున్నది, మార్చదలచినవారు మార్చుకొనవచ్చును. కాబట్టి విద్యార్థి అడిగినది దొంగతనము కాదు, ధిక్కారము కాదు. గృహస్థునకు తన గుమ్మమునకు తోరణము కట్టుకొను హక్కు వంటిదే అది.

అయితే తోరణము కట్టుటకు ముందు గుమ్మమెచ్చట నున్నదో తెలియవలెను గదా! ఇక్కడనే పాఠము ప్రారంభమగును. మీట నొక్కగనే మొదట మేల్కొనునది తయారీదారు యంత్రములో పొదిగిన మూలకార్యక్రమము. అది జ్ఞాపకశక్తిని, మీటలపలకను, డిస్కును పరీక్షించి, తన గుర్తును చూపి, పనిని గ్రబ్ అను బూట్‌లోడరునకు అప్పగించును. గ్రబ్ కెర్నెలును, దానికి తోడుగ ఒక చిన్న తాత్కాలిక సంచయమును జ్ఞాపకములోనికి దించును. ప్రయాణమునకు ముందు చేతిసంచిలో అత్యవసరమైనవి సర్దుకొనినట్లు, అసలు డిస్కు తెరచుకొను వరకు కావలసిన పనిముట్లన్నియు ఈ సంచయములో నుండును. దీనినే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అందురు. తరువాత కెర్నెలు పరికరములను గుర్తించి, అసలు డిస్కును తెరచి, మొదటి కార్యక్రమమునకు పగ్గములిచ్చును. నేడు పెక్కు లినక్సు రకములలో ఆ మొదటి కార్యక్రమము సిస్టమ్‌డి. అది తక్కిన సేవలన్నింటిని లేపి, చివరకు మన పేరు అడుగు తెరను నిలబెట్టును.

గ్రబ్ చూపు పట్టికకు వెనుక ఒక చిత్రము నుంచవచ్చును. ఆ తరువాతి ఘట్టమున తెర నలంకరించు భారము ప్లిమత్ అను కార్యక్రమముది. 2008లో ఫెడోరా 10వ కూర్పుతోను, 2010లో ఉబుంటు 10.04తోను ఇది ప్రచారమునకు వచ్చెను. దీని అలంకారమొక్కొక్కటి ఒక చిన్న సంపుటము; అందు కొన్ని చిత్రములు, ఒక వివరణపత్రము, కొన్నింట చిత్రములను నడిపించు చిన్న కార్యక్రమము నుండును. విద్యార్థి చిత్రము గీసి, సంపుటములో చేర్చి, యంత్రమును మరల తెరచును. పాత బొమ్మయే కనబడును! ఏల? ప్లిమత్ మేల్కొను వేళకు అసలు డిస్కు ఇంకను తెరచుకొనలేదు. చేతిసంచిలో నున్న పాత బొమ్మయే దానికి దొరకినది. సంచిని మరల సర్దినగాని క్రొత్తబొమ్మ రాదు. పుస్తకములో పది పుటలు చదివినను అర్థము కాని క్రమము, తన బొమ్మ కనబడకపోయిన బాలునకు ఒక్క గంటలో మనస్సున నాటును.

"ఇదంతయు సోకు గదా! పరీక్షలలో మార్కులు తెచ్చునా?" అని కొందరనవచ్చును. వాకిట ముగ్గు లేకున్నను ఇల్లు నిలుచును, నిజమే. కాని ముగ్గు వేయు బాలికకు చుక్కల లెక్కయు, రేఖల పొందికయు ఎవరును చెప్పకయే అబ్బినవని మరువరాదు. ఈ మొదటి ఆక్షేపణ నన్ను అంతగ కలవరపెట్టదు. రెండవ ఆక్షేపణ గంభీరమైనది: బొమ్మ అందమైనకొలది దాని వెనుక నున్నది మరుగుపడుచున్నది కదా?

ఈ మాటలో సత్యమున్నది. కెర్నెలునకు ఇచ్చు ఆదేశవాక్యములో "క్వయట్" అనియు "స్ప్లాష్" అనియు రెండు పదములుండుట వాడుక. మొదటిది యంత్రమును మౌనముగ నుండుమనును; రెండవది బొమ్మను చూపుమనును. ఈ రెంటివలన యంత్రము పలుకు మాటలు మన కంటబడవు. పైగా తెరపై సాగుచుండు గీత, జరిగిన పనిని కొలిచి చెప్పునది కాదు. గత పర్యాయము మేల్కొనుటకు పట్టిన కాలమును గుర్తుంచుకొని, దానినిబట్టి ప్లిమత్ వేయు అంచనా అది. తిరుగు చక్రము సంగతి చెప్పనక్కరలేదు. ఏదో యొక సేవ లేవక యంత్రము ఎదురుచూచుచున్నను చక్రము నిర్విచారముగ తిరుగుచునే యుండును. చూచువాడు "పని జరుగుచున్నది" అని నమ్మి కూర్చుండును. బడిలో ఇట్టి నమ్మకమును పెంచుట విద్య యనిపించుకొనదు.

అట్లని బొమ్మను బహిష్కరింపవలెనా? అక్కరలేదు. మన కూచిపూడి భామాకలాపమును తలచుకొందము. సత్యభామ ప్రవేశమునకు ముందు తెర పట్టుదురు. ఆమె జడ తెరమీదుగ వ్రేలాడును. తెర దాచుచునే చెప్పుచున్నది. వెనుక ఎవరున్నారో, ఎంతటి అభిమానవతియో సభవారికి తెలియుచునే యున్నది. ప్రారంభచిత్రమును అట్టి తెర కావలెను. ప్లిమత్ బొమ్మ నడచుచుండగ ఎస్కేపు మీట నొక్కినచో సాధారణముగ తెర తొలగి వెనుకటి అక్షరములు బయటపడును. ఈ మార్గమున్నదని తెలిసిన బాలుడు వేరు, తెలియని బాలుడు వేరు. ఒకడు యంత్రమునకు యజమాని, రెండవవాడు ప్రేక్షకుడు.

ఇక తెలుగు ముచ్చట. లినక్సు పుట్టిన 1991లోనే యూనికోడు మొదటి కూర్పు వెలువడినది. అందు తెలుగునకు స్థానము దొరకినది. అయినను, కెర్నెలు తన సందేశములు చూపు మూల అక్షరపుతెరపై నేటికిని తెలుగు సరిగ నిలువదు. ఆ తెర ఒక్కసారి 512 అక్షరరూపములకు మించి ధరింపజాలదు. అదియునుగాక, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అక్షరమును పెట్టుటయే దానికి తెలిసినది; తలకట్టును, గుడిని, ఒత్తును కూర్చి ఒక్క రూపుగ చేయు నేర్పు దానికి లేదు. కనుక తెలుగు మాధ్యమమున చదువు బాలునకు యంత్రము ఆగిపోయిన వేళ కనబడునది ఆంగ్లమే. కాని చిత్రమునకు ఆ బాధ లేదు. అందు మన అక్షరములు ఒత్తులతో సహా ఒద్దికగ నిలుచును. భారత ప్రభుత్వ సంస్థయైన సీడాక్ 2007లో వెలువరించిన బాస్ లినక్సులోను, హైదరాబాదులోని స్వేచ్ఛ వారి కృషిలోను తెలుగు తెర మనకు పరిచితమే. కేరళ ప్రభుత్వపాఠశాలలు స్వేచ్ఛాసాఫ్టువేరుతోనే కంప్యూటరు విద్య గరపుచున్నవి. అట్టి యంత్రములు మన చేతనుండగ, తొలి తెరపై తెలుగును నిలుపుటకు అడ్డమేమి?

కాబట్టి నా సూచన యిది: బడి పేరు, పిల్లలు గీసిన యొక బొమ్మ, వాని క్రింద తెలుగులో ఒక వాక్యము. "తెర కదలనిచో ఎస్కేపు మీట నొక్కి వెనుక ఏమి వ్రాసియున్నదో చదువుము." ఈ ఒక్క వాక్యముతో అలంకారము అబద్ధము కాకుండ నిలుచును; మాతృభాష మొదటి అడుగున చేయూత నిచ్చును.

ఎవరి బొమ్మ అను ప్రశ్నయు పుట్టకపోదు. దాతల చిత్రపటములు, నాయకుల చిత్రపటములు గోడమీద చాలును. ఈ తెర పిల్లలది. తరగతివారందరు కూడి ఎన్నుకొన్న చిత్రమే దానికి తగినది. సంవత్సరమునకొకమారు మార్చినచో, వెనుకటివారి పని చదివి ముందుకు సాగు అభ్యాసము క్రొత్తవారికి కలుగును.

హద్దులును చెప్పవలెను. తయారీదారు గుర్తు జోలికి పోరాదు. మూలకార్యక్రమములు ఆ గుర్తుచిత్రమును చదువు తీరులో లోపములున్నవనియు, దుష్టముగ కూర్చిన చిత్రముతో యంత్రమును వశపరచుకొనవచ్చుననియు 2023 డిసెంబరులో పరిశోధకులు వెల్లడించిరి. ఆ లోపముల సముదాయమునకు లోగోఫెయిల్ అని పేరు. బొమ్మ బొమ్మయే కదా యను ఉపేక్ష తగదని ఆ యుదంతము నేర్పినది. అపరిచితులు పంచిన అలంకారములను చదువక అమర్చరాదు. అమర్చునప్పుడు యంత్రముపై సర్వాధికారమును మనమే చేతికిచ్చుచున్నాము. అభ్యాసమునకు ఒక పాత యంత్రమును ప్రత్యేకించుట మేలు. పాత అలంకారమును తుడిచివేయరాదు. ఏదైన పొరపాటు జరిగినచో, గ్రబ్ పట్టికలో "ఇ" అను ఆంగ్లాక్షరపు మీట నొక్కి, ఆదేశవాక్యమునుండి "స్ప్లాష్" అను పదమును తొలగించి ముందుకు పోవచ్చును. ఆ మార్పు ఆ ఒక్కమారునకే చెల్లును. బొమ్మవలన ఆలస్యమగుచున్నదా యను సందేహమునకు సిస్టమ్‌డి-ఎనలైజ్ అను ఆజ్ఞ క్షణములలో లెక్క చెప్పును. ముందొకమారు, తరువాత నొకమారు కొలిచి నోటుపుస్తకములో వ్రాసికొనుమనుడు. అదియే శాస్త్రదృష్టికి ఓనమాలు.

ఉపాధ్యాయ సోదరీసోదరులకు నా మనవి యొక్కటే. "ఈ బొమ్మ మార్చవచ్చునా?" అని బిడ్డ అడిగిన దినమున, వెంటనే కాదని గాని ఔనని గాని అనకుడు. "దీని వెనుక ఏమి జరుగుచున్నదో మొదట చూతము రా" అని తెర తొలగించి ఆ అక్షరములను చూపుడు. అవి చూచినవాడు పిమ్మట ఏ బొమ్మ పెట్టుకొన్నను చింత లేదు.