పాత నేరము, శాసించిన ఊహ

ఇంగ్లండు చెరసాలలలో తుదిగడువు లేని శిక్ష లనుభవించుచున్న వారిని గూర్చి వ్రాయునపుడెల్ల మన పత్రికలు, దోషమును కఠినహృదయులైన న్యాయమూర్తులపైననో, జాగుచేయు పెరోలు బోర్డుపైననో మోపి చేతులు దులుపుకొనుచున్నవి. ఈ వ్యాఖ్యాతలలో నొక్కరైనను 2003వ సంవత్సరపు క్రిమినల్ జస్టిస్ చట్టములోని 229వ సెక్షనును ఆసాంతము చదివినట్లు తోచదు.

2005 ఏప్రిల్‌లో అమలునకు వచ్చిన ఆ సెక్షను, తుదిగడువు లేని శిక్షకు ఆధారమగునట్లు, ముద్దాయి వలన ప్రజలకు తీవ్రహాని కలుగు ప్రమాదమున్నదా యని తేల్చు భారమును న్యాయమూర్తి కొప్పగించి, ఆ వెంటనే అతని చేతులు కట్టివేసినది. చట్టపు అనుబంధములోని 153 నేరములలో ఏ యొక్కదానికైనను అదివరకే దోషిగా తేలిన వయోజనుడు ప్రమాదకారి యనియే భావింపవలెనని అది శాసించినది. అట్లు భావించుట అసంగతమని తోచిననే తప్ప వేరుదారి లేకుండెను. ఆ రోజులలో దోపిడీ నేరమునకు బోనెక్కిన ముప్పదియేండ్లవాడు, ఇరువదియవ యేట సారాదుకాణము ముంగిట కొట్లాడి శిక్షపడినవా డనుకొందము. మూడేండ్లకు మించి జైలు విధింపరాని ఆ కొట్లాటయు ఆ 153లో నొకటి! పదేండ్లనాటి ఆ చిన్న కేసు, రేపటి నడవడికి సాక్షియై, పెరోలు బోర్డు తీయనిదే తెరచుకొనని తలుపునకు తాళము కాగలిగెను.

ఈ ఊహను యాంత్రికముగా వర్తింపజేయరాదని 2005లోనే లాంగ్ కేసున అప్పీలు కోర్టు హెచ్చరించినమాట నిజమే. ఐనను శాసనమే "భావింపవలెను" అని యాజ్ఞాపించినచోట హెచ్చరిక యెంతదూరము పోగలదు? మన పాత శిక్షాస్మృతిలోని 75వ సెక్షను సైతము కొన్ని నేరములకు మరల చిక్కినవానికి శిక్షాపరిమితిని పెంచినదే గాని, వాని భవిష్యత్తును గూర్చి యేమి నమ్మవలయునో న్యాయమూర్తికి నేర్పలేదు.

2008లో పార్లమెంటు ఆ ఊహను తొలగించి, పూర్వశిక్షను మరియొక వాకిట నిలిపెను: ఈ తుదిగడువు లేని శిక్ష విధించుటకు, కనీసము రెండేండ్లు చెరలో గడపదగిన నేరమైనను కావలెను, లేదా హత్య, అత్యాచారము వంటి ఘోరనేరమునకు మునుపే దోషియైనను కావలెను. 2012లో ఈ శిక్షయే రద్దయ్యెను. కాని అదివరకు శిక్షపడినవారికి ఆ రద్దు వర్తింపలేదు.

పాత నేరస్థుడు మరల నేరము చేయు నవకాశ మెక్కువ యను వాదమును నేను త్రోసిపుచ్చను. ఆ యవకాశమును కేసు కేసునకు తూచుట న్యాయమూర్తి ధర్మము. తూకమునకు ముందే త్రాసు నొకవైపు వంచుట శాసనకర్త చేసిన యపచారము. ఈ తుదిగడువు లేని శిక్ష లనుభవించుచున్న వారందరికిని శిక్షను మరల నిర్ణయింపవలెనని 2022లో కామన్స్ సభ న్యాయసంఘము కోరగా, ప్రభుత్వము నిరాకరించినది. ఆ ఊహను 2008లోనే కొట్టివేసిన పార్లమెంటు, ఆ ఊహపై పడిన శిక్షలను నేటికిని కొట్టివేయలేదు.