తాళముకాని తాళము

నెట్‌వర్కు రూటర్లను దూరమునుండి విచారించుటకు ఎస్.ఎన్.ఎం.పి. యను పద్ధతి గలదు. ప్రశ్నించువాడు 'కమ్యూనిటీ స్ట్రింగు' అను ఒక మాటను చెప్పవలెను. అది సరిపోయినచో యంత్రము తన గుట్టు విప్పును. దీనిని తాళమని నమ్ముట ఆత్మవంచనయని మేము నిస్సంశయముగా చెప్పుచున్నాము.

1988లో పుట్టిన మొదటి పద్ధతియందును, 1996 నాటి రెండవ 'సి' పద్ధతియందును ఈ మాట ఏ మరుగును లేక తీగవెంట పోవును; దారిలో పొంచియున్నవాడు చదువుకొనవచ్చును. పలికినవాడెవడో యంత్రమెరుగదు. పైగా చదువుటకు 'పబ్లిక్', మార్చుటకు 'ప్రైవేట్' అను మాటలనే తయారుచేసినవారు అనేక యంత్రములందుంచగా, కొన్నవారు వానిని మార్చకయే విడిచిరి.

ఫలితమేమి? 2021లో రష్యా సైనిక గూఢచారి శాఖకు చెందిన ఏ.పి.టి. 28 ముఠా ఇట్టి బలహీనపు మాటలను ఊహించియు, 2017లోనే బయటపడిన లోపమును వాడుకొనియు సిస్కో రూటర్లలో చొరబడెనని బ్రిటను, అమెరికా ప్రభుత్వసంస్థలు 2023 ఏప్రిలులో ప్రకటించినవి. బాధితులలో ఉక్రెయినువారే ఇంచుమించు 250.

"మా నెట్‌వర్కు లోపలిది, మాకేమి భయ"మని కొందరు అధికారులందురు. ఒక్కడు లోపల చొచ్చినపిమ్మట ఆ గోడ యెవరికి రక్ష? పలుకువానిని గుర్తించి, పలుకును మరుగుపరచు మూడవ పద్ధతి 2002లోనే ప్రమాణమైనది. దానికి మారుడు. మారలేని పాత యంత్రములందు మాటను మార్చుడు. మార్పుచేయు అధికారమును తొలగింపుడు. నిర్ణీత చిరునామాలకే జవాబిప్పింపుడు. ప్రజల లెక్కలను మోయు యంత్రములకు కావలివారై యుండి, చేతులు కాలినపిమ్మట ఆకులు వెదకువారిని ప్రజలు క్షమింపరు.