సూత్రం గుర్తున్న పిల్లకు లెక్కలు రావట!

మా పెద్దమ్మాయి ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. మొన్న కాలేజీ టెస్టులో 'మాడ్ సైన్ ఎక్స్' ప్రమేయానికి ఆవర్తనం ఎంత అంటే 'రెండు పై' అని రాసింది. తప్పట. "లెక్కలు రావు, సీఈసీకి మార్పించండి" అన్నారు. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుంది.

నాకు ఒళ్లు మండింది. సైన్‌కు రెండు పై అని బట్టీ పట్టించింది వాళ్లే కదా! పిల్లకు సూత్రం గుర్తుంది. అదెందుకో ఎవరూ చెప్పలేదు, అంతే. నేను చదివింది బీఏ తెలుగు. అయినా ఆ పుస్తకం ముందేసుకుని రెండు రాత్రులు కూర్చున్నాను. అర్థమయ్యాక బీరువాలోంచి నా పెళ్లినాటి గద్వాల చీర తీశాను.

అంచు పొడవునా చిలుక, హంస, చిలుక, హంస. "వరుస మళ్లీ మొదటికి ఎక్కడొచ్చింది?" అన్నాను.

"రెండో చిలుక దగ్గర."

"హంస దగ్గర రాలేదా?"

"అది వేరే బొమ్మ కదమ్మా!"

సైన్ కూడా అంతే. సగం చుట్టు, అంటే 180 డిగ్రీలు తిరిగితే అంతే విలువ వస్తుంది, కానీ గుర్తు మారి వస్తుంది. అది హంస. 360 తిరిగితేనే అచ్చంగా మొదటికొస్తుంది. అదే రెండు పై. మూడో చిలుక దగ్గరా వరుస కలుస్తుంది కానీ, అన్నిటికన్నా చిన్న దూరాన్నే ఆవర్తనం అంటారు.

మరి మాడ్? అది మైనస్‌ను చెరిపేస్తుంది. హంసలన్నీ చిలుకలైపోతే దూరం సగమే కదా! అందుకే జవాబు పై. టాన్‌కూ పై ఎందుకంటే, సైన్‌ను కాస్‌తో భాగిస్తే వచ్చేది టాన్. సగం చుట్టుకు రెండింటి గుర్తులూ మారతాయి, భాగిస్తే ఆ మార్పు పోతుంది. సైన్ టూ ఎక్స్‌లో కోణం రెండింతల వేగంతో తిరుగుతుంది కాబట్టి సగం దూరానికే చుట్టు పూర్తవుతుంది.

అప్పుడు పిల్లే అడిగింది: "సైన్ 30, సైన్ 150 రెండూ అరే కదమ్మా. మరి ఆవర్తనం 120 ఎందుకు కాదు?" కాసేపటికి జవాబూ తనే చెప్పింది. సైన్ 0 సున్నా, సైన్ 120 సున్నా కాదు. ఒక్కచోట కలిస్తే చాలదు, ప్రతిచోటా కలవాలి.

లెక్కలు రాని పిల్ల అడిగే ప్రశ్నేనా ఇది?

ఎప్‌సెట్ ముందు ఇవన్నీ చెప్పే టైమెక్కడిది అంటారు. ఆ చీర ముందు మాకు పట్టింది అరగంట. బట్టీ పట్టిన సూత్రమేమో ప్రశ్న కాస్త మారగానే కూలింది.

కాలేజీనే అని లాభం లేదు. గద్వాలైనా, వనపర్తైనా, నాగర్‌కర్నూలైనా, మగపిల్లాడు తప్పితే ట్యూషన్ వెతుకుతాం. ఆడపిల్ల తప్పితే "పోనీలే, ఏదో ఒక గ్రూపు" అంటాం. నేనూ ఆ మొదటి రాత్రి అనబోయినదాన్నే.

మేం గ్రూపు మార్చడం లేదు. మీ ఇంట్లోనూ ఎవరైనా మీ పిల్లకు లెక్కలు రావంటే వెంటనే తలూపకండి. ఆ సూత్రం ఎందుకొచ్చిందో చెప్పారా అని ముందు వాళ్లనే అడగండి.