పాఠం నిలబడని రోజు

ఫిబ్రవరి వచ్చిందంటే కాల్గరీలో బడులకు రెండు రోజులు సెలవు. ఆల్బర్టా ఉపాధ్యాయ సంఘం తరఫున జరిగే మహాసభకు నగరంలోని ఉపాధ్యాయులు తరలివెళతారు. ఇవి కాక వృత్తి వికాసం పేరిట ఏడాది పొడుగునా మరికొన్ని సెలవు రోజులుంటాయి. పిల్లలను ఎవరి దగ్గర వదలాలో తెలియక తల్లిదండ్రులు సతమతమవుతారు. "వాళ్ళ శిక్షణకు మేము సెలవు పెట్టాలా?" అన్న విసుగు మన తెలుగువాళ్ళ విందుల్లోనూ వినబడుతుంది. ఆ విసుగులో న్యాయం లేకపోలేదు. శిక్షణ ముగిశాక తరగతి గదిలో ఏం మారిందో మనకెవరూ చెప్పరు కదా! అసలు మారాలంటే ఆ రోజు ఎలా గడవాలి? ఈ ప్రశ్నకు నాకు తృప్తినిచ్చిన సమాధానం ఒక పాత గుజరాతీ పుస్తకంలో దొరికింది.

న్యాయవాద వృత్తిని వదిలి భావనగర్‌లో 1920లో బాలమందిరం నెలకొల్పిన గిజుభాయి బధేకా, 1930ల తొలినాళ్ళలో 'దివాస్వప్న' రాశారు. తెలుగులో అది 'పగటికల'. విద్యాధికారి అనుమతితో ఒక ఉపాధ్యాయుడు నాలుగో తరగతిని ఏడాదిపాటు ప్రయోగానికి తీసుకొంటాడు. చదివిన గ్రంథాల బలంతో తొలిరోజునే పిల్లలచేత మౌనం పాటించే ఆట ఆడించబోతాడు. వాళ్ళు గోల చేస్తారు. చేసేదేమీ లేక ఇళ్ళకు పంపేస్తాడు. మర్నాడు కథతో మొదలుపెడతాడు.

ఈ పుస్తకాన్ని మెచ్చుకొనేవాళ్ళు సాధారణంగా అందులోని కథలను, ఆటలను, నాటకాలను తలుచుకొంటారు. నన్ను కట్టిపడేసేది మాత్రం ఆ మొదటి రోజు ఓటమి. గ్రంథాల్లో చదివిన పద్ధతి తన ఎదుట ఉన్న పిల్లల దగ్గర పనిచేయలేదని అతను ఒప్పుకొన్నాడు. ఎందుకు పనిచేయలేదో ఆలోచించాడు. మరో దారి ప్రయత్నించాడు. నా దృష్టిలో అతనికి అసలైన శిక్షణ జరిగింది ఆ రోజే.

ఈ మాట వైద్యుడిగా నా అనుభవంతోనే అంటున్నాను. కెనడాలో స్పెషలిస్టు వైద్యులు ఐదేళ్ళకు 400 క్రెడిట్లు కూడబెట్టుకోవాలి. వాటికోసం నేను విన్న ఉపన్యాసాల్లో చాలావరకు హాలు దాటి నా వెంట రాలేదు. గుర్తున్నవల్లా మరణాలనూ చికిత్సలో తలెత్తిన చిక్కులనూ సమీక్షించే సమావేశాలు. ఒక సహోద్యోగి లేచి, ఈ రోగి విషయంలో నా అంచనా ఇక్కడ తప్పింది అని చెబుతాడు. అక్కడ ఎవరినీ నిందించరు. ఏ సూచనను చూడలేకపోయామో, ఎందుకు చూడలేకపోయామో అందరూ కలిసి వెతుకుతారు. ఒకసారి నేనే అలా లేచి నిలబడవలసివచ్చింది. గొంతు వణికింది. ఆ రోజు నేర్చుకొన్నది ఈనాటికీ మరవలేదు.

ఉపాధ్యాయులకూ ఇలాంటి రోజు కావాలి. పిల్లలను స్వయంగా నేర్చుకోనివ్వండి అని ఒక వక్త గంటన్నరసేపు ఉపన్యసిస్తే, హాలులోని వందలమందికి అబ్బేది కదలకుండా వినడమే. దానికి బదులు ప్రతి ఒక్కరూ తమ తరగతిలో నిలబడని పాఠమొకటి, దానికి సంబంధించిన ఇద్దరు ముగ్గురు పిల్లల నోటుపుస్తకాలు వెంట తెచ్చుకోవాలి. అయిదారుగురు ఒక బల్ల చుట్టూ కూర్చొని, పిల్ల ఎక్కడ ఆగిపోయిందో వెతకాలి. మార్చి చూడదగినది ఒక్కటి ఎంచుకొని, తరువాతి శిక్షణ రోజున దాని ఫలితం చెప్పాలి. ఆ బల్ల దగ్గర పై అధికారి మార్కులు వేయడానికి కూర్చోకూడదు. అలా కూర్చుంటే ఎవరూ నిజం చెప్పరు.

ఇది జరగని పని కాదు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో రమ, పద్మనాభరావు దంపతులు గ్రామీణ బడుల కోసం పాఠాలను చిన్నచిన్న కార్డులుగా విడగొట్టి, వాటికొక నిచ్చెనపటం తయారుచేయించారు. పిల్ల తన మెట్టు తానే చూసుకొని, తన కార్డు తానే తెచ్చుకొంటుంది. సాయం కావలసినవాళ్ళ దగ్గర ఉపాధ్యాయుడు కూర్చొంటాడు. 2003 ప్రాంతంలో చెన్నై కార్పొరేషన్ బడులు ఈ పద్ధతిని చేపట్టినప్పుడు, ఉపాధ్యాయులు రిషివ్యాలీకి వచ్చి చూసి, తమిళంలో కార్డులు తామే రాసుకొన్నారు. కార్డు రాయాలంటే పిల్లకు అడ్డుపడే చోటు ముందుగా తెలియాలి. ఆ వెతుకులాటను మించిన శిక్షణ ఏముంటుంది? అవే కార్డులు ఉత్తర్వుతో పాటు పైనుంచి దిగితే మరో పాఠ్యపుస్తకంగా మిగిలిపోతాయి.

గురువుకే తెలియకపోతే పిల్లలకేం చెబుతాడని మనవాళ్ళకు సందేహం రావచ్చు. సర్వం తెలిసినవాడే గురువన్న భావన మనలో లోతుగా నాటుకొంది. కాని స్వయంగా నేర్చుకోవడమన్నది నాకిది తెలియదు అనుకోవడంతోనే మొదలవుతుంది. తెలియదని చెప్పడానికి సిగ్గుపడే పెద్దల మధ్య పెరిగిన పిల్లలు తమకు తెలియనిదాన్ని దాచుకోవడం నేర్చుకొంటారు. అలా దాచిన రోగాన్ని ఏ వైద్యుడూ కుదర్చలేడు.

ఈసారి బడి మూతపడినప్పుడు విసుక్కొనే ముందు, ఉపాధ్యాయులను మర్యాదగానే ఒక ప్రశ్న అడుగుదాం: ఈ శిక్షణ తరువాత మీరు కొత్తగా ఏం ప్రయత్నించబోతున్నారు? ఆ రోజు ఇంట్లో ఉన్న పిల్లలను, ఏం నేర్చుకోవాలో వాళ్ళనే ఎంచుకోనిద్దాం. సాయంత్రం ఎన్ని పేజీలయ్యాయని లెక్క అడగకుండా, ఎక్కడ ఆగిపోయావని అడిగి పక్కన కూర్చొందాం. జవాబు మనకూ తెలియకపోతే, తెలియదనే చెబుదాం.