‘బికాజ్’ను కొట్టెయ్యకండి

మన భిలాయిలోని సుపేలాలో ఇంగ్లీషు ట్యూషన్ చెప్పేవాళ్లు కొందరు మన పిల్లలకు రెండు మాటలు నూరిపోస్తున్నారు. వాక్యం ‘బికాజ్’తో మొదలుపెట్టకూడదట. తెలుగిళ్ల పిల్లలు ఒకే వాక్యంలో ‘బికాజ్’, ‘సో’ రెండూ రాయడానికి ఇంట్లో తెలుగు మాట్లాడటమే కారణమట. రెండూ తప్పే. రెండోది తప్పు మాత్రమే కాదు, అన్యాయం.

‘బికాజ్ ఇట్ రెయిన్డ్, ద మ్యాచ్ వాజ్ స్టాప్డ్’ నిక్షేపంలాంటి వాక్యం. ఎమిలీ డికిన్సన్ ప్రసిద్ధ కవిత ఒకటి ఆ మాటతోనే మొదలవుతుంది. పొరపాటు వచ్చేది వేరేచోట. ‘నిన్న ఎందుకు రాలేదు?’ అని అడిగితే పిల్లవాడు ‘బికాజ్ ఐ వాజ్ ఇల్’ అని రాసి చుక్క పెడతాడు. అందులో కారణం ఉంది, ఫలితం లేదు. ఆ రెండో సగం కూడా రాయమని, మధ్యలో కామా పెట్టమని నేర్పాలి. అది మానేసి మాటనే నిషేధిస్తే ఎలా? ‘వాన పడటం వల్ల ఆట ఆగింది’ అని కారణాన్ని ముందు చెప్పడం మన పిల్లలకు పుట్టుకతో వచ్చిన వరస. ఇంగ్లీషులోనూ ఆ వరస చెల్లుతుంది. చెల్లే దారిని మూసెయ్యడం దేనికి?

ఇక ‘బికాజ్’, ‘సో’ల జోడీ సంగతి. ‘చూంకి బారిశ్ హో రహీ థీ, ఇస్‌లియే హమ్ నహీ గయే.’ హిందీలో ఇది ఒప్పు. కారణానికొక మాట, ఫలితానికొక మాట. తెలుగులో ‘వాన పడుతోంది కాబట్టి వెళ్లలేదు’ అంటాం. ‘కాబట్టి’ ఒక్కటే చాలు. ఇంగ్లీషుకూ ఒక్కటే చాలు. అంటే ఈ విషయంలో ఇంగ్లీషుకు దగ్గరగా ఉన్నది తెలుగే. బడిలో, బజారులో రోజంతా హిందీ వినే పిల్లల చేతికి ఆ జోడీ హిందీ నుంచి వచ్చి ఉంటుంది. అందులో హిందీ తప్పూ లేదు, ఏ భాష కట్టు దానిది. నేరం మాత్రం తెలుగు మీద వేస్తున్నారు.

ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకున్న ఊళ్లో ఇది మార్కులతో పోయే విషయం కాదు. 2014 జూన్ 12న ఇక్కడి ప్లాంటులో నీటి ఒత్తిడి పడిపోవడంతో విషవాయువు బయటికొచ్చి ఆరుగురు చనిపోయారు. అలాంటి ఘటన మీద రిపోర్టు రాసేవాడు ‘బికాజ్ ద వాటర్ ప్రెషర్ ఫెల్’ అని కారణంతోనే మొదలుపెట్టాలనుకోవచ్చు. చిన్నప్పటి నిషేధం వాడి చెయ్యి పట్టుకుని ఆపకూడదు.

తల్లిదండ్రులారా, ఇంట్లో తెలుగు మానెయ్యమని ఎవరు చెప్పినా వినకండి. మాస్టార్లూ, నోటుపుస్తకంలో ‘బికాజ్’ ముందుంటే దాన్ని అలాగే ఉంచండి. కామా తర్వాత ‘సో’ కనిపిస్తే ఆ ఒక్క ‘సో’ను కొట్టెయ్యండి.