జోళ్లు కాల్చిన దేశభక్తి

బహిష్కారమను మాట మన దేశీయులకు క్రొత్తది కాదు. ఆ యాయుధమును చేతబట్టి మహాసామ్రాజ్యము నెదిరించిన వారి సంతతి మనము. కావున ప్రపంచమున నే మూల నే ప్రజలు బహిష్కారమని కేక వేసినను, అది దేని కొఱకు, ఎవరిపై, దాని ఫలమేమి యని విచారించుట మనకు సహజము. అమెరికాలో 2018వ సంవత్సరము సెప్టెంబరు మాసమున నైకీ యను క్రీడావస్త్రముల కంపెనీపై లేచిన గాలివాన యట్టి విచారణకు మిక్కిలి తగియున్నది. ఆయుధ మొక్కటియే యైనను దానిని పట్టు విధము తెలియనిచో నెట్టి దుర్గతి పట్టునో అది మనకు బోధించుచున్నది.

ఆ నెల 3వ తేదీన నైకీ కంపెనీ తన ప్రచారవాక్యమునకు ముప్పది యేండ్లు నిండిన సందర్భమున నొక ప్రకటనను వెలువరించెను. అందు కోలిన్ కేపర్నిక్ అను ఫుట్‌బాల్ ఆటగాని ముఖము. దానిమీద, సర్వస్వమును త్యాగము చేయవలసి వచ్చినను విశ్వాసమును విడువకుమను భావము గల రెండు చిన్న వాక్యములు. ఇంతకంటె మఱేమియు లేదు. అంతమాత్రముననే దేశమంతట అలజడి పుట్టెను. కొందఱు తమ నైకీ జోళ్లకు నిప్పుపెట్టి, ఆ మంటల చిత్రములను లోకమునకు జూపిరి. కొందఱు మేజోళ్లమీది కంపెనీ గుర్తును కత్తెరతో కత్తిరించివైచిరి. మిస్సౌరీ రాష్ట్రమునందలి కాలేజ్ ఆఫ్ ది ఓజార్క్స్ తన యాటగాండ్రు ఆ గుర్తు గల దుస్తులు ధరింపరాదని నిశ్చయించెను. లూసియానాలోని కెన్నర్ పట్టణపు మేయరు పురపాలక క్రీడాస్థలముల యుపయోగమునకై నైకీ వస్తువులు కొనరాదని ఉత్తరువు చేసి, కొలది దినములలోనే దానిని ఉపసంహరించుకొనెను.

ఇంత కోపమునకు గురియైన యా ఆటగాడు చేసిన నేరమేమి? అతడు శాన్ ఫ్రాన్సిస్కో 49ర్స్ జట్టునకు క్వార్టర్‌బ్యాక్. అనగా ఆటయందు జట్టునకు సారథివంటివాడు. 2013 ఫిబ్రవరిలో తన జట్టును సూపర్ బౌల్ అను కడపటి పోటీవఱకు నడిపిన దిట్ట. 2016 ఆగస్టులో, ఆటకు ముందు జాతీయగీతము పాడు సమయమున, అతడు లేవక కూర్చుండిపోయెను. నల్లజాతివారిని అణచు దేశముయొక్క జెండాకు గర్వముతో లేచి నిలువజాలనని కారణము చెప్పెను. పోలీసుల చేతులలో నల్లజాతివారు మడియుట ఆ దినములలో అమెరికాను కలచివేయుచుండెను. పిమ్మట అతడు, సైన్యమున ప్రత్యేకదళములో పనిచేసిన నేట్ బోయర్ అను మాజీ ఆటగానితో సంప్రదించి, సెప్టెంబరు 1వ తేదీనుండి కూర్చుండుట మాని యొక మోకాలిపై వంగెను. మృతుడైన సహచరుని సమాధికడ సైనికుడు మోకరిల్లునట్లే ఇదియు నని వారి యభిప్రాయము.

ఎదిరిపక్షమువారి మనోభావమును మేము పరిహసింపము. జెండా కప్పిన శవపేటికలు ఇంటికి వచ్చిన కుటుంబములు ఆ దేశమున లక్షలు గలవు. వారికి జెండా వట్టి గుడ్డపీలిక కాదు. పోలీసులను పందులుగా చిత్రించిన మేజోళ్లను కేపర్నిక్ ఆ దినములలో ధరించుట వివేకమనియు మేమనజాలము. న్యాయము కోరువాడు ఒక వృత్తివారి నెల్ల నవమానింపరాదు. మేము జాతీయ పత్రికవారము. జనగణమన వినబడినపుడు లేచి నిలుచుట మాకు ధర్మము, అంతకు మించి ఆనందము. అయినను మర్యాదను మనసులోని భావమునుబట్టి తూచవలెను గాని కాళ్ల భంగిమనుబట్టి కాదు. మన సుప్రీము కోర్టు 1986లో కేరళకు చెందిన ముగ్గురు విద్యార్థుల యభియోగమున, గీతము పాడక గౌరవముతో మౌనముగ నిలిచిన పిల్లలు దానిని అవమానించినట్లు కాదని తీర్పు చెప్పెను. కేపర్నిక్ నిలువలేదు, కావున రెండును ఒకటే యనము. కాని దేశమును ద్వేషించువాడు మోకాలు వంచునా? దేశము తన మాట నిలుపుకొనవలెనని తలచువాడే యట్లు చేయును. కొడుకు తండ్రి తప్పును తండ్రి యెదుటనే చెప్పిన, వాడు వంశద్రోహి యగునా?

అతడు చెల్లించిన మూల్యము స్వల్పము కాదు. 2017 మార్చిలో తన యొప్పందమునుండి వైదొలగిన పిదప, 32 జట్లు గల ఆ లీగులో నొక్క జట్టును అతనిని చేర్చుకొనలేదు. ఆ సంవత్సరము సెప్టెంబరు 22న అధ్యక్షుడు ట్రంపు అలబామా రాష్ట్రమున నొక సభలో, గీతసమయమున మోకరిల్లు ఆటగాండ్రను వెళ్లగొట్టవలెనని జట్ల యజమానులను పరుషవాక్యములతో ప్రేరేపించెను. యజమానులు కూడబలుకుకొని తనను వెలివేసిరని కేపర్నిక్ చేసిన ఫిర్యాదు 2019 ఫిబ్రవరిలో రాజీతో ముగిసెను. దాని షరతులు బయటికి రాలేదు. 2017 జనవరి 1 తరువాత అతడు ఆ లీగులో మఱి యొక యాట ఆడలేదు.

ఇంక బహిష్కార ఫలమును చూతము. ప్రకటన వెలువడిన మఱునాడు కంపెనీ వాటాల ధర సుమారు 3 శాతము తగ్గెను. జోళ్లు కాల్చినవారు జయము తమదే యనుకొనిరి. కాని ఎడిసన్ ట్రెండ్స్ అను సంస్థ లెక్క ప్రకారము, ఆ వారాంతపు ఆదివారము మొదలు మంగళవారమువఱకు నైకీ ఆన్‌లైన్ అమ్మకములు 31 శాతము పెరిగెను. అంతకుముందటి యేట ఆ దినములలోనే పెరుగుదల 17 శాతము. సెప్టెంబరు మాసము సగము గడచునప్పటికి వాటాల ధర అదివఱకెన్నడు నెఱుగని యెత్తునకు చేరెను. ఆ ప్రచారమునకై తీసిన లఘుచిత్రము 2019లో ఎమ్మీ బహుమానమును గూడ పొందెను. కంపెనీని దహింప బోయినవారు దాని కొలువులో జీతము లేని ప్రచారకులైరి.

ఇట్లేల జరిగెను? వెల చెల్లించి కొన్న జోడును కాల్చిన నష్టము కొన్నవానికే గాని అమ్మినవానికి గాదు. ఇది మొదటి కారణము. రెండవది, కాల్చినవారు కంపెనీని ఏమి చేయుమనిరో స్పష్టము కాదు. ఏమి చేసిన తమ కోపము చల్లారునో చెప్పని బహిష్కారము షరతులు లేని యుద్ధమువంటిది. దానికి సంధియు లేదు, జయమును లేదు. మూడవది, ఆ మంటలు చల్లారిన పిదప వారు ఏమి తొడుగుకొనవలయునో ఎవ్వరును ఆలోచింపలేదు.

మన పెద్దలు చేసిన బహిష్కారముతో దీనిని పోల్చి చూడుడు. 1905 ఆగస్టు 7వ తేదీన కలకత్తా టౌన్ హాలులో విదేశ వస్తు బహిష్కారము తీర్మానింపబడినపుడు దాని కోరిక సూటియైనది: వంగదేశ విభజన రద్దు కావలెను. 1907లో బిపిన్ చంద్ర పాలుగారు మన యాంధ్రదేశమున రాజమహేంద్రవరము, బెజవాడ, మచిలీపట్నము మొదలగు తావుల నుపన్యసించినపుడు, పరదేశపు గుడ్డను విడుచుటతోపాటు స్వదేశపు మగ్గమును, స్వదేశపు బడిని నిలుపుటయు బోధింపబడెను. బందరులో జాతీయ కళాశాల వెలసినది ఆ యుత్సాహమునుండియే. 1911 డిసెంబరులో విభజన రద్దయ్యెను. 1921లో బొంబాయిలో గాంధీమహాత్ముడు విదేశ వస్త్రములకు నిప్పంటించినపుడు, కట్టుబట్ట కఱవైన దేశమున బట్టను కాల్చుట తగదని రవీంద్రనాథుడు ఆక్షేపించెను. ఆ వాదము నేటికిని విలువ గలదే. అయినను ఆ మంటకు వెనుక రాట్నముండెను. కాల్చినవాడు మఱునాటినుండి నూలు వడుకుటకు బద్ధుడై యుండెను.

అమెరికా ప్రజలకును ఈ విద్య తెలియనిది కాదు. 1955 డిసెంబరులో అలబామాలోని మాంట్‌గోమరీ నగరమున నల్లజాతివారు బస్సులను బహిష్కరించి 381 దినములు నిలిచిరి. కూలికి పోవు స్త్రీలు తెల్లవాఱకమునుపే లేచి మైళ్లకొలది నడిచిరి. వారికిని కోరిక యుండెను, బస్సునకు బదులు ఏర్పాటుండెను, ఓర్పుండెను. 1956 డిసెంబరులో వేఱు కూర్చుండబెట్టు చట్టము తొలగెను. వారు జోళ్లను కాల్చలేదు. జోళ్లు అరుగునట్లు నడిచిరి.

ఇట్లనుటచే కంపెనీవారు సత్యాగ్రహులని మేము చెప్పినట్లు కాదు. కేపర్నిక్‌తో వారి యొప్పందము 2011నాటిది. ఆ ప్రకటనకు ఆఱు నెలల ముందు, 2018 మార్చిలో, వారు అతనిని వెలిగా నుంచిన లీగునకే 2028వఱకు దుస్తులు సరఫరా చేయుటకు ఒడంబడికను పొడిగించుకొనిరి. వెలివేసినవానికి దుస్తులు కుట్టి యిచ్చిన చేతితోనే వెలివేయబడినవాని చిత్రమును గోడకెక్కించుట వర్తకమున నేర్పే కావచ్చును. త్యాగము మాత్రము కాదు. త్యాగము చేసినవాడు ఆటగాడు; దానిమీద లాభము గడించినది కంపెనీ.

ఈ కంపెనీ నిజమైన బహిష్కారమునకు ఒకమారు తల యొగ్గినదే. 1990 తరువాతి సంవత్సరములలో ఇండొనీషియా, వియత్నాము మొదలగు దేశముల కర్మాగారములలో జోళ్లు కుట్టువారి స్వల్పవేతనములను, దుర్భర స్థితిని గూర్చి అమెరికా విద్యార్థులు, కార్మికసంఘములు ఏండ్లతరబడి పోరాడిరి. తమ సరకు దాసులకిచ్చు కూలికి, బలవంతపు పనికి పర్యాయపదమైనదని కంపెనీ స్థాపకులలో నొకడైన ఫిల్ నైట్ 1998 మే మాసమున బహిరంగముగ నంగీకరించెను. జోళ్ల కర్మాగారములలో చేర్చుకొను పనివారి కనిష్ఠ వయస్సును 18 ఏండ్లు చేసెదమనెను. 2005లో ఆ కంపెనీ తన సరకు తయారగు కర్మాగారముల పట్టికను ప్రకటించెను. ఆ పోరాటమువారు కుట్టు చేతులను జూచిరి. 2018లో కాల్చినవారు ప్రకటనలోని ముఖమును మాత్రమే జూచిరి. మన తిరుపతి జిల్లాలో తడ సమీపమున మాంబట్టుకడ ఆడిడాస్ జోళ్లు కుట్టు కర్మాగారమున వేలకొలది స్త్రీలు పనిచేయుచున్నారు. ఏ కంపెనీ జోడైనను దాని వెనుక నిట్టివారి జీవనమున్నదని కొనువాడును మఱువరాదు, కాల్చువాడును మఱువరాదు.

కాల్చినవారికి పోటీగా అంగళ్లకు పరుగిడినవారిని గూర్చియు ఒక్క మాట. జోడు కొని న్యాయమునకు సేవ చేసితిమని వారు తలంచిరి. న్యాయము అంత చౌకగ దొరకునా? ఈ కలహమున ఉభయపక్షములును ఒక్క నమ్మకమునకే లోబడినవి: పౌరుని ధర్మము దుకాణములో తీఱునని. 1968లో మెక్సికో ఒలింపిక్ క్రీడలలో టామీ స్మిత్, జాన్ కార్లోస్ అను నల్లజాతి వీరులు తమవారి పేదఱికమునకు గుర్తుగా జోళ్లు విడిచి, నల్లని మేజోళ్లతో బహుమాన వేదికనెక్కి పిడికిళ్లెత్తిరి. జట్టునుండి తొలగింపబడి యింటికి పంపబడిరి. వారి మాట లోకమునకు వినబడుటకు ఏ జోడును అమ్ముడుపోనక్కఱలేకపోయెను.

ఈ యమ్మకముల లెక్కల నడుమ అసలు ప్రశ్న మఱుగుపడెను. కేపర్నిక్ అడిగినది జోళ్లను గూర్చి కాదు. పోలీసుచేత చచ్చినవాని తల్లికి న్యాయము కలదా యని. 2020 మే 25న మినియాపొలిస్ నగరమున జార్జి ఫ్లాయిడ్ అను నల్లజాతివాని మెడపై ఒక పోలీసు అధికారి మోకాలు మోపి అతని ప్రాణము తీసెను. అప్పుడుగాని ఆ దేశమున పలువురికి మైదానమున వంగిన మోకాలి యర్థము తెలియలేదు. జూన్ 5న లీగు కమిషనరు రోజర్ గుడెల్, ఆటగాండ్ర మాట మునుపే వినకపోవుట తమ తప్పని యొప్పుకొనెను. ఆ యొప్పుకోలులో కేపర్నిక్ పేరు లేదు.

ఈ జాడ్యము సముద్రముల కావలిది మాత్రమే యని మనము సంతోషింపరాదు. 2015లో ఆమిర్ ఖాన్ ఆడిన మాటకు స్నాప్‌డీల్ కంపెనీపై కోపము వెడలగ్రక్కినవారును, 2020 అక్టోబరులో హిందూ ముస్లిముల వియ్యమును చూపిన తనిష్క్ ప్రకటనను వెనుకకు తీయించినవారును మన దేశీయులే. నేడు చేతిలోని ఫోనుపై వ్రేలు కదలించిన చాలును, బహిష్కారమగుచున్నది. పితరులు ఉపవాసములతోను, కారాగారములతోను పదును పెట్టిన ఖడ్గముతో మనము ఈగలను తోలుచున్నాము.

కావున మా పాఠకులకు మేము చేయు విన్నప మిది. బహిష్కరింపదలచినపుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఎదుటివాడు ఏమి చేసిన మనము విరమింతుము? దీనివలన కలుగు కష్టమును మనము భరింతుమా, ఇతరులపై త్రోయుదుమా? విడిచినదాని స్థానమున ఏమి నిలుపుదుము? ఈ మూటికిని ఉత్తరమున్నచో వెనుదీయక నిలువుడు. లేనిచో ఆ జోళ్లను కాల్చకుడు. చెప్పులు లేక ఎండలో నడచువారు మన యూళ్లలో నింకను కలరు, వారికిండు.